మాన్స్‌ఫీల్డ్ రాసిన ఉత్తరాలు, జాన్సన్ ఇచ్చిన జవాబులు

వియత్నాం యుద్ధం గురించి మాట వచ్చినప్పుడు "అది అంత దూరం వెళ్తుందని అప్పట్లో ఎవరు మాత్రం అనుకున్నారు?" అనేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. అనుకున్నవాళ్ళు ఉన్నారు. అనుకున్నది కాగితం మీద పెట్టి, తేదీ వేసి, సంతకం చేసి అధ్యక్షుడి బల్ల మీదికి పంపినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు మైక్ మాన్స్‌ఫీల్డ్. మోంటానా రాష్ట్రం నుంచి వచ్చిన సెనేటర్. 1961 నుంచి 1977 దాకా పదహారేళ్ళు సెనేట్‌లో మెజారిటీ పార్టీ నాయకుడు. ఆ పదవిలో అంతకాలం ఏకబిగిన ఉన్నవాళ్ళు అప్పటికి మరొకరు లేరు. అధ్యక్షులు కెనెడీ, జాన్సన్ ఇద్దరిదీ ఆయనదీ ఒకటే పార్టీ, డెమొక్రటిక్ పార్టీ. అధ్యక్షుడు తలపెట్టిన ప్రతి బిల్లునూ సెనేట్‌లో గట్టెక్కించే బాధ్యత ఆయనదే.

అంత దగ్గరి మనిషి, అంత స్పష్టంగా, ఒకసారి కాదు ఏళ్ళ తరబడి రాశాడు. అయినా యుద్ధం ఆగలేదు సరికదా ప్రతి ఉత్తరానికీ మరుసటి ఉత్తరానికీ మధ్య ఇంకా పెద్దదైంది. ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే ఉత్తరాలతో పాటు వాటికి వచ్చిన జవాబులూ చదవాలి. ఇప్పుడు అవన్నీ అమెరికా ప్రభుత్వం అచ్చువేసిన దౌత్య పత్రాల సంపుటాల్లో ఎవరైనా చదవగలిగేలా ఉన్నాయి.

రాసిన మనిషి గురించి కొంత తెలుసుకోవాలి. మాన్స్‌ఫీల్డ్ 1903లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, పద్నాలుగేళ్ళ వయసులో, వయసు ఎక్కువ చెప్పి నౌకాదళంలో చేరాడు. తరవాత సైన్యంలో, ఆ తరవాత మెరైన్ దళంలో పనిచేశాడు. మెరైన్‌గానే ఫిలిప్పీన్స్, చైనా చూశాడు. తిరిగొచ్చి బ్యూట్ పట్టణంలోని రాగి గనుల్లో కూలిపని చేశాడు. భార్య మారీన్ పట్టుబట్టి చదివిస్తే డిగ్రీలు తెచ్చుకుని మోంటానా విశ్వవిద్యాలయంలో తూర్పు ఆసియా చరిత్ర బోధించాడు. అక్కడి నుంచి రాజకీయాల్లోకి వచ్చాడు. 2001లో 98 ఏళ్ళ వయసులో చనిపోయినప్పుడు ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు. ఆ రాయి మీద సెనేటర్ అని గానీ, తరవాతి కాలంలో జపాన్‌లో రాయబారి అని గానీ లేదు. మెరైన్ దళంలో ప్రైవేట్, అంటే అన్నిటికంటే కింది హోదా సిపాయి అని మాత్రమే ఉంది. యుద్ధం గురించి ఆయన ఏం రాసినా ఆ సిపాయి చూపు నుంచే రాశాడని అర్థమవుతుంది.

అలాగని ఆయన మొదటి నుంచీ వియత్నాం జోక్యానికి వ్యతిరేకి అనుకుంటే పొరపాటు. 1954లో వియత్నాం కమ్యూనిస్టుల ఉత్తరం, వాళ్ళ వ్యతిరేకుల దక్షిణం అని రెండుగా చీలాక, దక్షిణాన ప్రధాని న్గో దిన్ దియెమ్‌ను నిలబెట్టాలని వాషింగ్టన్‌లో గట్టిగా వాదించినవాళ్ళలో ఆయన ఒకడు. ఆసియా చరిత్ర తెలిసిన సెనేటర్‌గా ఆయన మాటకు అప్పట్లో చాలా విలువ ఉండేది. దియెమ్ ప్రభుత్వం కుప్పకూలే పరిస్థితిలో ఉన్నప్పుడు కూడా ఆయన మద్దతు వదల్లేదు. కాబట్టి తరవాతి ఉత్తరాలు బయట నిలబడి వేలు చూపించినవాడి రాతలు కావు. తన చేయి కూడా పడిన పని తప్పుదారి పట్టిందని గుర్తించినవాడి రాతలు. అందుకే వాటికి ఇంత బరువు ఉందనిపిస్తుంది.

1962 చివర్లో కెనెడీ కోరిక మీద ఆయన మరికొందరు సెనేటర్లతో కలిసి దక్షిణ వియత్నాం వెళ్ళాడు. అక్కడి రాజధాని సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం, సైనికాధికారులు అంతా బాగానే ఉందని లెక్కలు చూపించారు. ఆయన ఆ లెక్కలతో సరిపెట్టుకోకుండా అక్కడ పనిచేస్తున్న కుర్ర విలేఖరులతో కూర్చుని గంటల తరబడి మాట్లాడాడు. బయల్దేరేటప్పుడు విమానాశ్రయంలో చదవమని రాయబార కార్యాలయం ఒక ఆశాజనకమైన ప్రకటన రాసిస్తే చదవడానికి ఒప్పుకోలేదు.

1962 డిసెంబరు 18 తేదీతో కెనెడీకి ఇచ్చిన నివేదికలో ఏడేళ్ళు, కోట్లాది డాలర్లు గడిచాక కూడా మనం మళ్ళీ మొదటికే వచ్చి నిలబడ్డామని రాశాడు. ఇది దక్షిణ వియత్నాం ప్రజలు తేల్చుకోవాల్సిన పోరాటమనీ, అమెరికా దాన్ని తన భుజానికెత్తుకుంటే ఒకప్పుడు అక్కడ వలస పాలన చేసిన ఫ్రాన్స్ ఉన్న చోటికే చేరుతుందనీ హెచ్చరించాడు. క్రిస్మస్ సెలవుల్లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో, పడవ మీద, కెనెడీ దాన్ని మాన్స్‌ఫీల్డ్ ఎదురుగానే చదివాడు. ముఖం ఎర్రబడిందట. తరవాత తన సహాయకుడు కెనెత్ ఓడానెల్‌తో, మన విధానాన్ని పూర్తిగా కాదన్నందుకు మైక్ మీద కోపమొచ్చింది, ఆయన చెప్పింది నాకు కూడా నిజమే అనిపిస్తున్నందుకు నా మీద నాకే కోపమొచ్చింది అన్నాడని ఓడానెల్ రాశాడు. పక్కన ఉన్న సహాయకుడి జ్ఞాపకమే ఇది. కెనెడీ బతికుంటే సైన్యాన్ని వెనక్కి రప్పించేవాడని దీన్ని పట్టుకుని చాలామంది వాదిస్తారు. అంత దూరం వెళ్ళడానికి ఇది చాలదు. 1963 నవంబరు 22న ఆయన హత్య జరిగే నాటికి వియత్నాంలో అమెరికా సైనికులు తగ్గలేదు, సుమారు 16 వేలకు పెరిగారు.

కెనెడీ తరవాత జాన్సన్ అధ్యక్షుడయ్యాక ఈ ఉత్తరాల స్వభావమే మారింది. సెనేట్‌లో జాన్సన్ నాయకుడిగా ఉన్న రోజుల్లో మాన్స్‌ఫీల్డ్ ఆయన కింద విప్‌గా పనిచేశాడు. ఇద్దరి తీరూ పూర్తిగా వేరు. జాన్సన్ ఎదుటివాడి మీదికి వంగి, భుజం పట్టుకుని, బతిమాలి, బెదిరించి పని చేయించుకునే మనిషి. మాన్స్‌ఫీల్డ్ రెండు మాటల్లో చెప్పి పైపు కాల్చుకుంటూ కూర్చునే మనిషి. ఎదురుగా కూర్చుని జాన్సన్‌తో వాదించడం ఎవరికైనా కష్టమే. కాగితం మీదైతే మధ్యలో అడ్డుకునేవాళ్ళు ఉండరు. బహుశా అందుకే ఆయన మెమోల దారి ఎంచుకుని ఉంటాడు.

1964 జనవరి 6 మెమో ఒక్కటి చూస్తే చాలు, ఇద్దరి మధ్య తేడా ఎక్కడుందో తెలుస్తుంది. అంతకుముందు ఫోన్లో మాట్లాడుతూ జాన్సన్, వియత్నాం మరో చైనా కాకూడదు అన్నాడు. దాన్ని గుర్తుచేస్తూ మాన్స్‌ఫీల్డ్, మనకు మరో కొరియా కూడా వద్దు అని కలిపాడు. రెండు చోట్లా జరిగిన పొరపాటు ఒకటేననీ, చివరికి మింగలేనంత ముద్ద నోట్లో పెట్టుకోవడమే అదనీ రాశాడు. ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ అప్పటికే ప్రతిపాదించిన తటస్థ వియత్నాం ఆలోచనను తోసిపుచ్చవద్దని అడిగాడు.

'మరో చైనా' అన్న మాట వెనక పెద్ద భయం ఉంది. 1949లో చైనా కమ్యూనిస్టుల చేతికి వెళ్ళినప్పుడు ఆ నింద అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ మీద, డెమొక్రటిక్ పార్టీ మీద పడింది. చైనాను పోగొట్టింది వీళ్ళే అని రిపబ్లికన్లు ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. కొరియాలో యుద్ధం చేస్తే దానికీ నింద తప్పలేదు. 1952 ఎన్నికల్లో పార్టీ అధ్యక్ష పదవే పోగొట్టుకుంది. ఆ రెండు దెబ్బలూ జాన్సన్ సెనేట్‌లో ఉండి కళ్ళారా చూశాడు. అయితే వాటిలో మొదటిదే ఆయన మనసులో ఎక్కువ నాటుకుపోయింది.

ఆ మెమోను జాన్సన్ పక్కన పడేయలేదు. విదేశాంగ మంత్రి డీన్ రస్క్‌కు, రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారాకు, జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీకి పంపి అభిప్రాయం అడిగాడు. ముగ్గురూ మాన్స్‌ఫీల్డ్ వాదనను ఖండిస్తూ రాసిచ్చారు. బండీ రాసింది నేరుగా రాజకీయం. చైనా విషయంలో ట్రూమన్ ఎందుకు దెబ్బతిన్నాడంటే, చేయగలిగింది చేయలేదని జనం నమ్మడం వల్ల. సైగాన్ నుంచి ముందుగా తప్పుకున్నది మనమే అని కనిపిస్తే ఇప్పుడూ అదే జరుగుతుంది, అన్నది ఆయన మాటల సారాంశం.

కీలకమంతా ఇక్కడే ఉంది. సెనేటర్ ఒక ప్రశ్న అడిగాడు: ఈ యుద్ధం అమెరికాకు అవసరమా? ఆ ప్రశ్న యంత్రాంగంలోకి వెళ్ళాక 'సెనేటర్‌కు ఏం జవాబు చెప్పాలి?' అన్న ప్రశ్నగా మారిపోయింది. పైగా జవాబు రాసే పని ఏ విధానాన్ని ఆయన తప్పుపట్టాడో ఆ విధానాన్ని తయారుచేసినవాళ్ళకే అప్పగించారు. అలాంటప్పుడు తప్పు ఒప్పుకుంటూ జవాబు వస్తుందని ఎలా ఆశించగలం? ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో వాళ్ళనే వివరణ రాయమంటే ఏం జరుగుతుందో శ్వేతసౌధంలోనూ అదే జరిగింది.

ఏడాది చివరికి ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1964 డిసెంబరు 9న మాన్స్‌ఫీల్డ్ మళ్ళీ రాశాడు. బరువుకి వంగిపోతున్న కొమ్మ మీద మనం చివరికంటా పాకుతున్నామన్నాడు. డిసెంబరు 17న జాన్సన్ సంతకంతో జవాబు వెళ్ళింది. మీరూ నేనూ ఈ సమస్యను ఒకేలా చూస్తున్నాం, దాని కష్టాలు ఇద్దరికీ తెలుసు, మితిమీరి తలకెత్తుకున్నామన్న ఒక్క మాటతోనే నాకు పేచీ, పణంగా ఉన్నదాన్ని బట్టి చేయాల్సినంతే చేస్తున్నాం అన్నది దాని సారాంశం. ఎంతో మర్యాదైన ఉత్తరం. దాన్ని తయారుచేసింది బండీ. అధ్యక్షుడికి పంపుతూ పైన పెట్టిన నోట్‌లో, మాన్స్‌ఫీల్డ్‌ను నొప్పించకుండా ఉండేలా రాశాననీ, ఇంకా గట్టిగా వాదించవచ్చు గానీ అంత అవసరం లేదనుకుంటాననీ చెప్పాడు. ఇన్నాళ్ళ తరవాత ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదువుతుంటే బాధ కలుగుతుంది. ఒకరు ప్రాణాల గురించి రాస్తే మరొకరు ఆయన్ని ఎలా సముదాయించాలా అని ఆలోచించారు.

జాన్సన్‌కు మాన్స్‌ఫీల్డ్ మాట అర్థం కాలేదా? బాగా అర్థమైంది. 1964 మే 27న బండీతో ఫోన్లో మాట్లాడుతూ జాన్సన్, ఇది పోరాడదగినదని నాకు అనిపించడం లేదు, అలాగని బయటపడగలమనీ అనిపించడం లేదు అన్నాడు. ఆ సంభాషణ టేపు ఉంది, ఎవరైనా వినవచ్చు. ఆ టేపు విన్నాక మెమోలు పనిచేయకపోవడానికి అసలు కారణం దొరుకుతుంది. తెలియనివాడికి తెలియజెప్పడానికి ఉత్తరం పనికొస్తుంది. తెలిసీ భయపడుతున్నవాడికి కావాల్సింది ఆ భయం పోగొట్టే భరోసా. వియత్నాం నుంచి తప్పుకుంటే పార్టీలో నీకు అండగా మేముంటాం, నిందలో వాటా మాదీ అని బహిరంగంగా నిలబడేవాళ్ళు కావాలి. మాన్స్‌ఫీల్డ్ ప్రైవేటు ఉత్తరాలు అది ఇవ్వలేకపోయాయి.

ఇవ్వలేకపోగా, బయట ఆయన చేసింది చాలాసార్లు దానికి విరుద్ధంగా ఉంది. 1964 ఆగస్టు 7న టోంకిన్ సింధుశాఖ తీర్మానం సెనేట్ ముందుకు వచ్చింది. వియత్నాంలో బలప్రయోగానికి అధ్యక్షుడికి దాదాపు ఖాళీ చెక్కు ఇచ్చిన తీర్మానం అది. 88 మంది అవునన్నారు, ఇద్దరే కాదన్నారు: వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. మాన్స్‌ఫీల్డ్ ఆ 88 మందిలో ఉన్నాడు. మన దగ్గర 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోయే ప్రమాదం ఉంటుంది. అమెరికాలో అలాంటి చట్టం లేదు. ఆయన చేయి కట్టేసింది చట్టం కాదు. పార్టీ నాయకుడు అధ్యక్షుడి మీద బహిరంగంగా తిరగబడకూడదన్న ఆయన సొంత నియమం.

ఆ నియమానికి కారణాలు లేకపోలేదు. 1964 జూన్‌లో పౌరహక్కుల బిల్లు మీద దక్షిణాది సెనేటర్ల అడ్డంకిని 71-29 ఓట్లతో ఛేదించినప్పుడు సెనేట్ నాయకుడు ఆయనే. 1965లో వృద్ధులకు వైద్య బీమా ఇచ్చే మెడికేర్, నల్లజాతీయుల ఓటు హక్కు చట్టం ఆయన చేతుల మీదుగానే సెనేట్ దాటాయి. అదే ఏడాది అక్టోబరు 3న జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం కూడా అంతే. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టి ఆసియా వాళ్ళను దాదాపు బయటే ఉంచిన పాత పద్ధతి దానితో పోయింది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుంచి డాక్టర్లు, ఇంజినీర్లు అమెరికా వెళ్ళి స్థిరపడే దారి తెరుచుకున్నది ఆ చట్టం వల్లే. ఇవాళ అక్కడ పెరుగుతున్న తెలుగు కుటుంబాల కథలో ఈ సెనేట్‌కు కూడా ఒక పాత్ర ఉంది. జాన్సన్‌తో బహిరంగంగా తెగతెంపులు చేసుకుంటే ఈ చట్టాలన్నీ ఏమవుతాయో అన్న టెన్షన్ మాన్స్‌ఫీల్డ్‌కు ఉండడం సహజం.

1965లో ఈ చట్టాలూ యుద్ధమూ కలిసే నడిచాయి. ఫిబ్రవరిలో దక్షిణ వియత్నాంలోని ప్లైకూలో అమెరికా స్థావరం మీద దాడి జరిగాక ప్రతీకార బాంబు దాడులకు సిద్ధమైన సమావేశంలో ఎదురు చెప్పిన గొంతు దాదాపు మాన్స్‌ఫీల్డ్ ఒక్కడిదే. చైనా యుద్ధంలోకి దిగవచ్చు, చర్చల దారి చూడండి అన్నాడు. మాట చెల్లలేదు. మార్చి 8న డానాంగ్ తీరంలో మెరైన్లు దిగారు.

జులై 27 సాయంత్రం జాన్సన్ పార్టీల నాయకులను పిలిచి సైన్యాన్ని పెంచబోతున్నట్టు చెప్పాడు. ఒకరి తరవాత ఒకరు మద్దతు పలికారు. మాన్స్‌ఫీల్డ్ తన వంతు వచ్చినప్పుడు, మాట్లాడకపోతే నా మనస్సాక్షికి ద్రోహం చేసినట్టే అన్నాడు. మనం మాటిచ్చింది దక్షిణ వియత్నాం తనను తాను కాపాడుకోవడానికి సాయం చేస్తామని. ఆ తరవాత అక్కడ చట్టబద్ధమైన ప్రభుత్వమే లేదు, ఉన్న ప్రభుత్వానికి మనం ఏమీ బాకీ లేము అన్నాడు. యుద్ధాన్ని ఒకసారి పెంచితే అది ఇంకో పెంపునే తెస్తుందన్నాడు. అదే రోజు మరో అయిదుగురు సెనేటర్లతో తన గదిలో మాట్లాడి ఆ సారాంశాన్ని మెమోగా అధ్యక్షుడికి పంపాడు. ఆ అయిదుగురూ సామాన్యులు కారు. సాయుధ దళాల కమిటీ అధ్యక్షుడు రిచర్డ్ రసెల్, విదేశీ వ్యవహారాల కమిటీ అధ్యక్షుడు విలియం ఫుల్‌బ్రైట్, జాన్ స్పార్క్‌మన్, రిపబ్లికన్లు జార్జ్ ఐకెన్, జాన్ షెర్మన్ కూపర్. ఉండకూడని చోట లోతుగా ఇరుక్కుపోయాం, బయటపడడానికి చేయగలిగిన ప్రయత్నమంతా చేయాలి అన్నది వాళ్ళ ఏకాభిప్రాయం.

మర్నాడు, జులై 28న, జాన్సన్ వియత్నాంలో సైనికుల సంఖ్యను 75 వేల నుంచి లక్షా 25 వేలకు పెంచుతున్నట్టు ప్రకటించాడు. మాన్స్‌ఫీల్డ్ మెమోకు మెక్‌నమారా అంశాల వారీగా ఖండన తయారుచేసి ఇచ్చాడు. జులై 30న మెడికేర్ మీద, ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద సంతకాలయ్యాయి. ఆ ఏడాది చివరికి వియత్నాంలో అమెరికా సైనికులు లక్షా 84 వేలు.

ఆ రోజు ఆ గదిలో ఉన్న ఆరుగురు బయటికి వచ్చి కలిసికట్టుగా అదే మాట దేశానికి చెప్పి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన రాక మానదు. రెండు పార్టీల పెద్దలు, రెండు ముఖ్య కమిటీల అధ్యక్షులు, సెనేట్ నాయకుడు. జాన్సన్ భయపడిన నింద అప్పుడు ఆయన ఒక్కడి మీదే పడేది కాదు. ఫుల్‌బ్రైట్ ఆ తరవాత ఒంటరిగా ఆ పని చేశాడు. 1966 ఫిబ్రవరిలో టీవీలో ప్రసారమైన బహిరంగ విచారణలు పెట్టాడు. జాన్సన్ ఆయన్ని దూరం పెట్టాడు. అయితే యుద్ధాన్ని ప్రశ్నించడం దేశద్రోహం కాదని మామూలు అమెరికన్లకు ధైర్యం వచ్చింది కూడా ఆ విచారణల వల్లే. మాన్స్‌ఫీల్డ్‌కు మాత్రం శ్వేతసౌధం తలుపులు చివరిదాకా తెరిచే ఉన్నాయి. తెరిచి ఉన్న ఆ తలుపే ఆయన్ని ఆపిందనిపిస్తుంది. లోపలికి వెళ్ళి చెప్పగలిగినంత కాలం, బయట చెప్పాల్సిన అవసరం అంత తీవ్రంగా అనిపించదు. ఆయన నిజాయితీని శంకించడానికి వీల్లేదు. ఎంచుకున్న దారి చాలలేదనే చెప్పాలి.

1968 మార్చి 27న జాన్సన్ ఆయన్ని పిలిపించి, తాను చేయబోతున్న ప్రసంగం ముసాయిదా చదివి వినిపించాడు. అప్పటికి వియత్నాంలో అమెరికా సైనికులు 5 లక్షలు దాటారు. ఈ ప్రసంగం చేయకండి, ఇందులో జనానికి ఏ ఆశా లేదు, యుద్ధం ఇంకా పెరుగుతుందనే ఉంది అన్నాడు మాన్స్‌ఫీల్డ్. మార్చి 31 రాత్రి జాన్సన్ టీవీలో చేసిన ప్రసంగం వేరేలా ఉంది. ఉత్తర వియత్నాంలో ఎక్కువ భాగం మీద బాంబు దాడులు ఆపుతున్నానన్నాడు. చివర్లో, మళ్ళీ అధ్యక్ష పదవికి పోటీ చేయనన్నాడు. ఆ ఏడాది మొదట్లో కమ్యూనిస్టులు దక్షిణాది నగరాల మీద చేసిన టెట్ దాడులు, పార్టీలో తిరుగుబాటు, సొంత సలహాదారులే వెనక్కి తగ్గడం, ఇన్ని కలిస్తే గానీ అది జరగలేదు.

రిపబ్లికన్ నిక్సన్ అధ్యక్షుడయ్యాక మాన్స్‌ఫీల్డ్ ఉత్తరాలతో ఆగలేదు. పార్టీ వేరు కావడంతో పాత నియమం ఆయన చేతులు కట్టేయలేదు. 1971లో సైన్యాన్ని గడువు పెట్టి వెనక్కి రప్పించాలన్న సవరణను సెనేట్‌లో గెలిపించాడు. కొన్ని మార్పులతో అది చట్టంలో చేరింది. నవంబరులో సంతకం చేస్తూనే నిక్సన్, ఆ సెక్షన్ నన్ను కట్టడి చేయదు అని ప్రకటించాడు. ఆ ఏళ్ళలో మాన్స్‌ఫీల్డ్ కోటు జేబులో ఒక చిన్న కార్డు ఉండేది. వియత్నాంలో చనిపోయిన, గాయపడిన అమెరికా సైనికుల లెక్క దాని మీద రాసుకునేవాడు.

1973 జనవరి 27న పారిస్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ ఏప్రిల్‌లో సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ ఒక చిన్న పుస్తకం అచ్చువేసింది. అందులో ఉన్నవి మాన్స్‌ఫీల్డ్ అధ్యక్షులకు ఇచ్చిన రెండు నివేదికలు. ఒకటి 1965 చివర్లో జాన్సన్‌కు ఇచ్చింది. మరొకటి పామ్ బీచ్‌లో పడవ మీద కెనెడీ చదివింది. అది రాసి అప్పటికి పదేళ్ళు దాటింది. ఆయన కార్డు మీద చనిపోయినవాళ్ళ లెక్క 50 వేలు ఎప్పుడో దాటిపోయింది.